ఇప్పపూలు రాలే వేళ కోరాపుట్ కొండల్లో

సుంకి, గురువారం

సాలూరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఏసీ కట్టేసి కారు అద్దాలు దించేశాం. విజయనగరంలో మార్చి నెలకే ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. ఇక్కడ గాలిలో ఇంకా చలి మిగిలే ఉంది. హోలీ అయిన వారం. కొండలు సగం ఆకు రాల్చేసి ఎండుగా కనబడతాయి గానీ రంగంతా ఆ ఎండులోనే ఉంది. ఒక్క ఆకు లేకుండా ఒళ్లంతా పూసిన బూరుగలు, మోదుగ పూల కాషాయం, ఒడియావాళ్లు కుసుమ్ అనే చెట్టు ఎర్రెర్రని చిగురు. దూరాన్నుంచి ఏది పూతో ఏది చిగురో తేలక మా తమ్ముడు ప్రతి మలుపులోనూ బండి నెమ్మది చేశాడు.

ఈ వైపు మాకు చుట్టాలున్నారు. పెళ్లిళ్లకీ పేరంటాలకీ వచ్చి వెళ్లడమే గానీ, కొండ ఊళ్లను తీరిగ్గా చూసింది లేదు. కోతలు, నూర్పులు అయిపోయి, మళ్లీ తొలకరికి నాగలి పట్టే లోపు ఇక్కడి జనం ఏం చేస్తారు, దేనితో సరదాపడతారు? అది చూడాలనే ఈసారి బయల్దేరాం. కింద ఊళ్లలో మనం ‘కొండవాళ్లకి ఈ నెలల్లో పనేముంటుంది, ఊరికే కూర్చుంటారు’ అనేస్తాం. ఇక ఆ మాట నా నోట రాదు.

సుంకి చేరామంటే ఒడిశాలో ఉన్నట్టే. టీ దుకాణంలో బరా, గుగుని పెట్టించుకున్నాం. ప్లేటు ఇరవై రూపాయలు. మినప్పిండి బరా మన గారె లాంటిదే, మీద వేడి వేడి బఠాణీ కూర పోస్తారు. దుకాణదారు మా మాట వినగానే తెలుగులోకి దిగిపోయాడు. “ఎవలింటికమ్మా?” అన్నాడు. ఏ ఊరికి అని అడగలేదు. ఈ కొండల్లో ముందు మనిషి పేరు, తర్వాతే ఊరు. చిన్నాన్న పేరు చెబితే, “సావుకారింటికా! అలగయితే కూకోండి, ఇంకో టీ తాగి ఎల్దురు గాని” అని ఆ రెండో టీకి డబ్బులు పుచ్చుకోలేదు.

ఎదురుగా రోడ్డు పక్కన ఆడవాళ్లు కొండ చీపుర్లు అమ్ముతున్నారు. ఎండిన గడ్డి కంకుల్ని తలకిందులుగా పట్టి రాతి మీద కొట్టి నూగు రాలగొడుతున్నారు. ఆ నూగు కళ్లలో పడకుండా అందరూ గాలికి వీపు పెట్టి కూర్చున్నారు. కట్ట యాభై. మా తమ్ముడు నలభైకి అడిగితే నవ్వి ఊరుకున్నారు తప్ప ఒక్కరూ తగ్గలేదు. యాభైకే రెండు కట్టలు కొన్నాం.

పొట్టంగి దగ్గర ఒక వాగు

పొట్టంగి దాటాక ఫోన్ మ్యాప్ చూపించిన అడ్డదారి ఒక వాగు దగ్గర ఆగిపోయింది. అవతల దారి లేదు. బండి తిప్పుకుంటుంటే పిల్లల కేకలు వినిపించి కిందికి దిగాం.

ఏడెనిమిది మంది గుంటలు. వాగులో నీళ్లు మోకాలి దాకా కూడా లేవు. రాళ్లు పేర్చి, సందుల్లో బంకమట్టి మెత్తి, ప్రవాహాన్ని ఒక పక్కకి మళ్లించారు. రెండో పక్క నిలిచిన నీటిని సత్తు పళ్లాలతో తోడి పోస్తున్నారు. నీళ్లు తగ్గేకొద్దీ బురదలో వేలెడంత చేపలు మిలమిలలాడుతూ పైకి తేలాయి. పెద్దవాడు పదేళ్ల వాడు. రాయి కింద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, పీతను దాని గిట్టలు తగలకుండా వెనక నుంచి పట్టి లాగాడు. కళ్లెందుకు మూసుకున్నావని సైగ చేసి అడిగితే, పక్కనున్న పిల్ల తెలుగులో చెప్పింది: “కళ్లు తెరిస్తే చెయ్యికి తెలీదు.”

చేపలు దొరికాక ఆనకట్టను వాళ్లే తన్ని కూల్చేశారు. కింద ఊరివాళ్లకి నీళ్లు వెళ్లాలట. ఆ మాట వాళ్లకి ఎవరూ గుర్తు చెయ్యలేదు. ఆట అయ్యాక కట్ట తెంచడం కూడా ఆటలో భాగమే అన్నట్టు అందరూ కలిసి ఒక్కసారి దూకారు.

సెమిలిగుడ, గురువారం సాయంత్రం

పిన్ని గుమ్మంలోనే చెంబుతో నీళ్లిచ్చింది. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్తే పనసపొట్టు ఆవ పెట్టిన కూర, ఉలవచారు. లేత పనసకాయలు ఈ నెలలోనే మొదలవుతాయి. గింజ ఇంకా గట్టిపడని కాయ కాబట్టి పొట్టు నోట్లో వెన్నలా కరిగింది.

వీళ్ల పెరట్లో సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ మొక్కలున్నాయి. అమ్మకానికి కాదు, ఇంటికే. ఈ జిల్లాకి కాఫీని 1930లో జయపురం రాజు రామచంద్రదేవ్ తెప్పించారు. 1958లో మచ్ఖండ్ జలాశయంలోకి మట్టి కొట్టుకుపోకుండా ప్రభుత్వం కొండవాలుల్లో కాఫీ తోటలు వేయించింది. అంటే ఇక్కడ కాఫీ చెట్టు తాగడానికి ఎంత పనికొచ్చిందో, మట్టిని పట్టి ఉంచడానికీ అంతే పనికొచ్చింది.

పిన్నికి ఈ కాలమంతా కాఫీ గింజలతోనే. పుష్యంలో కోసి డాబా మీద ఎండబెట్టిన కాయల్ని రోట్లో పోసి నెమ్మదిగా దంచి, చేటలో చెరిగింది. గింజ మీద ఇంకా పల్చటి పొర ఒకటి ఉంటుంది, దాన్ని అరచేతుల మధ్య నలిపి ఊదేసింది. ఇనప మూకుడు కట్టెల పొయ్యి మీద పెట్టి గింజలు పోసి, గరిటె ఆపకుండా తిప్పుతూ కూర్చుంది. ఆకుపచ్చ గింజ పసుపు తిరిగింది, పచ్చిగడ్డి కాలిన వాసన వచ్చింది. కాసేపటికి వాసన మారి, దాల్చిన రంగులోకి వచ్చింది. అప్పుడు టప్‌మని ఒక గింజ పేలింది. తర్వాత వరసగా పేలడం మొదలైంది. “ఇప్పుడు మాట్లాడించకు” అంది పిన్ని. పేలుళ్లు ఆగీ ఆగగానే మూకుడు దించి, గింజల్ని చేటలో పరిచి విసనకర్రతో విసిరింది. ఆ వేడికి అక్కడే ఉంచితే మాడిపోతాయట. మర్నాటి దాకా పొడి కొట్టనివ్వదు. చికోరీ మాట ఎత్తితే ఒప్పుకోదు. బెల్లం వేసి ఇచ్చిన ఆ కాఫీ తాగాక హోటల్ ఫిల్టర్ కాఫీ నాకు చాలా రోజులు సరిపడలేదు.

చిన్నాన్న సరదా వేరు. ఆయన వాన కోసం చూస్తాడు. కాఫీ కొమ్మల కణుపుల దగ్గర మొగ్గలు కొనదేలి ముడుచుకుని ఉన్నాయి. ఒక మంచి జల్లు పడాలి. పడ్డ ఎనిమిది, పది రోజులకి తోటంతా ఒకేసారి తెల్లగా పూస్తుంది, మల్లెపూల వాసన ఇల్లంతా నిండుతుంది, రెండు మూడు రోజుల్లో వాడిపోతుంది. పడ్డ ప్రతి జల్లునీ గోడ మీది కేలండర్లో పెన్నుతో గుర్తు పెట్టుకుంటాడు. పాత కేలండర్లు కూడా దాచాడు. రాత్రి భోజనం అయ్యాక ఒక్కొక్కటీ తీసి, ఏ ఏడు ఎప్పుడు పూసిందో నాకూ తమ్ముడికీ చూపించాడు. ఆయన ముఖంలో ఆ వెలుగు చూస్తుంటే నిద్ర గుర్తు రాలేదు.

కుందులి సంత, శుక్రవారం

కుందులి సంత ప్రతి శుక్రవారం. కోరాపుట్ జిల్లాలో పెద్ద సంతల్లో ఒకటి. సెమిలిగుడ నుంచి షేర్ ఆటోలో వెళ్లాం, మనిషికి ముప్ఫై. అల్లం, పసుపు, చిలగడదుంపలు, టమాటాలు రాశులు పోసి ఉన్నాయి. ఆంధ్రా లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. కాటాల దగ్గర తెలుగు, ఒడియా, ఈ కొండల్లో మాట్లాడే దేశియా మూడూ ఒకే వాక్యంలో కలిసిపోతుంటాయి.

కొండ దిగి వచ్చిన ఆడవాళ్లు రాగానే బుట్ట దించి అమ్మకానికి కూర్చోరు. ముందు ఆనప బుర్ర మూత తీసి, ఆకు దొప్పల్లో చోడి అంబలి పోసుకుని, పక్క ఊరి వాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ తాగుతారు. ఆ పావుగంటలో షావుకార్లు చుట్టూ తిరిగినా లేవరు. నాకది చాలా నచ్చింది. మేమూ ఒక ముసలమ్మ దగ్గర గిన్నె పది రూపాయలకి అంబలి తాగాం. కాస్త పులిసి, ఉప్పు తగిలి, ఎండలో నడిచినవాళ్లకి ప్రాణం లేచొచ్చేలా ఉంది. కొరుక్కోడానికి ఎండుచేప ముక్క కాల్చి ఇచ్చింది.

కొండ ఊళ్ల చైత్ర మాసపు పండగ చైత్ పరబ్ దగ్గర పడింది కదా, ఆడపిల్లలంతా క్లిప్పుల కొట్ల దగ్గరే ఉన్నారు. ఇరవై రూపాయల డజను క్లిప్పులు కొనడానికి ఒక పిల్ల ముగ్గురు స్నేహితురాళ్ల తలల్లో పెట్టి చూసి, మళ్లీ తీసి, రంగు మార్చి, అరగంట తీసుకుంది. కొట్టువాడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మగపిల్లలు ఇంకో పక్క మెమరీ కార్డుల్లో దేశియా పాటలు ఎక్కించుకుంటున్నారు. పండగ రాత్రుల కోసం. ఓ మూల కోడిపందెం గుంపు కనిపించింది. పుంజు కాలికి కత్తి కట్టడం చూశాక అక్కడ నిలబడలేక వచ్చేశాను.

ఇక్కడ కొన్నది కాలాజీరా బియ్యం. పొట్టు నల్లగా ఉండే ఈ సన్న వడ్లకి 2024లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. జయపురం చుట్టుపక్కల నేల వరి పుట్టిళ్లలో ఒకటని శాస్త్రవేత్తలు అంటారు. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయాల జాబితాలో చేర్చింది. పాత వరి రకాలను కాపాడిన ఈ జిల్లా గిరిజన రైతు కమలా పూజారికి 2019లో పద్మశ్రీ ఇచ్చారు. ఆమె 2024లో పోయారు. బియ్యం అమ్మిన ఆమెకి ఆ పేరు చెప్పగానే కొలిచిన దోసిలి మీద ఇంకో గుప్పెడు వేసింది.

కొండ మీద ఊరు, శనివారం

చిన్నాన్నకి ఏళ్ల తరబడి అల్లం అమ్మే, పరజా తెగకి చెందిన తాత ఒకాయన ఉన్నాడు. ఆయన ఊరికి ముందురోజు రాత్రే చేరాం. తెల్లారగట్ల నాలుగున్నరకి ఆయన కోడలు తలుపు కొట్టి, “ఇప్పపూలకి రాండి” అని పిలిచింది.

ఆడవాళ్లు, పిల్లలు, అందరూ ఒకే గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ, మధ్యలో పాట అందుకుంటూ నడిచారు. నిద్ర మత్తులో ఇంత హుషారు ఎక్కణ్నుంచి వచ్చిందా అనుకున్నాను. ఎలుగుబంట్లకి ఇప్పపువ్వంటే ప్రాణం. మనిషి గొంతు దూరం నుంచి వినబడితే అవి తప్పుకుంటాయి. ఎదురుపడితేనే ప్రమాదం. ఆ పాట వెనక ఇంత లెక్క ఉంది.

చెట్టు కింద నేలంతా నల్లగా ఉంది. రాలిన పూలు కనబడాలని ముందే ఆకులు ఊడ్చి కాల్చేస్తారు. ఆ నల్లటి నేల మీద లేత పసుపు పూలు మసక వెలుతురులోనే చక్కగా కనిపించాయి. టప్, టప్ అని ఇంకా రాలుతూనే ఉన్నాయి, తల మీదా భుజాల మీదా. ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను. దళసరి రేకు, లోపల బోలు, కొరకగానే తేనె. వెనక కొంచెం ఘాటు వాసన. పది నిమిషాలకి వేళ్లు జిగురుపట్టాయి. ఎండు పువ్వు ఎండుద్రాక్షలా ముడుచుకుపోతుంది. దాన్నే చింతపిక్కలతో ఉడికించి తిని కరువు నెలలు గడిపేవాళ్లమని తాత భార్య చెప్పింది. సారా ఒక్కటే మనకి తెలుసు గానీ, ఈ పువ్వు ముందు తిండి.

అడవిలో ఉన్నా ఒక్కో చెట్టు ఒక్కో ఇంటిది. కంచె లేదు, గుర్తు లేదు, అయినా పక్క చెట్టు కింద పువ్వు ఎవరూ ముట్టలేదు. మగదిక్కు లేని ఒక ముసలావిడ చెట్టు కింద మాత్రం రెండిళ్ల పిల్లలు ఏరి, బుట్ట ఆవిడ గుమ్మంలో దించి వచ్చారు.

ఆకులు కాల్చడం గురించి మాత్రం నాకు బాధగానే ఉంది. చెట్టు చుట్టూ చదును చేసి, మంటకి కాపలా కాస్తే పర్వాలేదు. వదిలేస్తే మంట పాకి కొండ కొండంతా పోతుంది. దారిలో అలా మాడిన వాలు ఒకటి చూశాం. ఈ ఊళ్లో అయితే మంట ఆరేదాకా ఒక మనిషి పచ్చి కొమ్మ పట్టుకుని కాపలా ఉంటాడట. ఆ పద్ధతి ఊరూరా పట్టుబట్టి పాటించాలి.

తిరిగొస్తుంటే దారిలో పిందె మామిడి ఒకటి రాలి ఉంది. ఆరేళ్ల పిల్ల తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని గట్టిగా పీల్చింది. తినలేదు, గట్టు మీద పెట్టేసింది. చైత్ పరబ్‌లో ఊరి దేవతకి పెట్టేదాకా ఎవరూ కొత్త మామిడి ముట్టరు. మన కొత్తమావాస్య లాంటి కట్టుబాటే. నేను అయితే ఉప్పూకారం కోసం వెతికేదాన్నని చెబితే ఆ పిల్ల విరగబడి నవ్వింది.

పొద్దెక్కే లోపే తాత జీలుగు చెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. కణుపుల దగ్గర కొమ్మ మొదళ్లు వదిలేసిన ఒంటి వెదురే నిచ్చెన. పై నుంచి కుండ దించి, అడ్డాకు దొప్పలో పోసి, ముందు నాలుగు చుక్కలు నేల మీద వదిలాడు. అవి పెద్దలకి. తర్వాత వయసు వరసలో దొప్ప తిరిగింది, అతిథులమని మాకేం ముందు ఇవ్వలేదు. అదే బాగుంది. పొద్దున్నే దించిన జీలుగు కల్లు తియ్యగా, చల్లగా ఉంటుంది. మధ్యాహ్నానికి పులుస్తుంది, అప్పుడు ఇంకో గుంపు వస్తుంది.

ఎండ ముదిరాక ఊరంతా పనస చెట్టు నీడన చేరింది. ఒకరు చింతకాయ పెంకు కొట్టి గింజ తీస్తున్నారు, ఒకరు వెదురు చీలికలతో అడ్డాకుల విస్తర్లు కుడుతున్నారు. ఆకు మడత మీద చీలిక గుచ్చి, పంటితో కొరికి తెంచి, మళ్లీ గుచ్చడం. చేతులు చూసుకునే పనే లేదు. కళ్లన్నీ కబుర్లు చెప్పేవాళ్ల మీదే. ఇంకో ఇంటి దగ్గర కోడళ్లిద్దరూ పండక్కి గోడలు అలుకుతున్నారు. ఎర్రమట్టి మీద, నేలకి తగిలే చోట నల్లటి పట్టీ. తడి ఆరక ముందే అయిదు వేళ్లూ ఆనించి అలలు గీశారు. ఒక అల కుదరలేదని చిన్న కోడలు మళ్లీ మట్టి మెత్తి మొదటినుంచీ గీసింది. ఎవరూ అడగలేదు, ఎవరూ చూడరు కూడా, ఆ గోడ పెరటి వైపుది.

అదే ఊరు, ఆదివారం

పొద్దున్నే బండిలో పక్క ఊరికి వెళ్తుంటే రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు. అటూ ఇటూ ఆడవాళ్లు పట్టుకుని నిలబడి పాట పాడుతున్నారు. అరకు వైపు ఇటికల పండక్కి చేసేదే. ఇచ్చిందాకా బొంగు లేవదు. పాటలో మా బండి రంగు, మా తమ్ముడి గడ్డం అన్నీ వచ్చేశాయట. తాత అనువాదం చెబుతుంటే అందరం నవ్వుకున్నాం. యాభై ఇచ్చాక బొంగు ఎత్తారు. పది గజాలు పోయామో లేదో, పిల్లల బొంగు ఇంకోటి.

ఒకప్పుడు ఈ రోజుల్లో మగవాళ్లు విల్లంబులతో వేటకి పోయేవాళ్లు. ఏమీ దొరక్కుండా తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లేవాళ్లని తాత చెప్పాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరం. తాతకి అందులో విచారం లేదు. “జంతువులే లేవు బావూ, దేన్ని కొడతాం” అన్నాడు. ఇప్పుడు కుర్రాళ్లు ఊరికే అడవి చుట్టి వస్తారు, పేడనీళ్లు మాత్రం తప్పించుకోలేరు.

రాత్రి థింసా. వాయిద్యగాళ్లకి ముందు భోజనం పెట్టారు, వాళ్లు చెయ్యి కడుక్కునేదాకా మిగతావాళ్లు ఆకు ముందు కూర్చోలేదు. డోలు, తుడుం, మోరి. మోరి సన్నాయి లాంటిది, దాని గొంతు కొండ అవతలికి వినిపిస్తుంది. ఆడవాళ్లు పక్కవాళ్ల నడుము వెనకనుంచి చేతులు కలిపి గొలుసు కట్టారు. నన్నూ మధ్యలో ఇరికించుకున్నారు. అడుగు నేర్పించరు. రెండు పక్కలా పట్టుకున్న చేతులే ముందుకీ వెనక్కీ తీసుకెళ్తాయి, కాళ్లు వాటంతట అవే కుదురుకుంటాయి. నా కుడి పక్కావిడకి డెబ్బై దాటి ఉంటాయి. ఒక పాట అయ్యాక నేను రొప్పుతుంటే ఆవిడ పొగచుట్ట వెలిగించుకుని, రెండు దమ్ములు లాగి, మళ్లీ లైనులోకి వచ్చింది.

జయపురం, సోమవారం

దిగేటప్పుడు జయపురంలో ఒక పూట ఆగాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాయే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి భారీగా విరాళాలిచ్చిన విక్రమదేవ వర్మ ఈ ఊరి మహారాజే. తెలుగులో మంచి పండితుడు. బజారులో ఏ కొట్టు దగ్గర ఆగినా తెలుగు వినబడుతూనే ఉంది. జగన్నాథ సాగర్ గట్టు మీద కాసేపు కూర్చుని, బండి మీద ఇడ్లీ తిని కదిలాం. ఊరు బాగానే ఉంది, నా మనసే ఇంకా కొండ మీద ఉంది.

వెళ్లాలనుకునేవాళ్లు హోలీకీ శ్రీరామనవమికీ మధ్య, శుక్రవారం కలిసొచ్చేలా చూసుకోండి. కొండ ఊళ్లోకి తెలిసిన మనిషి లేకుండా వెళ్లకండి, కెమెరా తీసే ముందు అడగండి. ఇప్పచెట్టు కిందికి వెళ్తే వాళ్లు పిలిచినప్పుడే, వాళ్ల గుంపుతోనే. రాత్రికి పల్చటి శాలువా ఉండాలి. పది, ఇరవై నోట్లు దండిగా పెట్టుకోండి. రోడ్డు మీద బొంగు దగ్గర వంద నోటిస్తే చిల్లర ఇవ్వరు, బదులుగా ఇంకో పాట పాడతారు.